కేఓహెచ్‌లో ఫంగస్ పోగులు ఉన్నాయి, కల్చర్‌లో ఏమీ లేదు: కిడ్నీ మార్పిడి రోగి ఊపిరితిత్తిలో మ్యూకర్ అనుకోవచ్చా?

పల్మో_రెసిడెంట్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఒక కేసులో రిపోర్టులు ఒకదానితో ఒకటి పొసగడం లేదు: కేఓహెచ్ (శాంపిల్‌కు క్షారం కలిపి మైక్రోస్కోప్‌లో చూడటం) ఒకటి చెబుతోంది, కల్చర్ (శాంపిల్‌ను ప్లేటు మీద పెంచి చూడటం) ఇంకొకటి. నా అనుమానం మ్యూకర్ (జనం బ్లాక్ ఫంగస్ అనేది) మీద. మైక్రోబయాలజీ, నెఫ్రాలజీ, రేడియాలజీ వాళ్లు చూసి చెప్పగలరు.

46 ఏళ్ల మగ రోగి, బరువు 56 కిలోలు. కిడ్నీ మార్పిడి జరిగి 7 నెలలు. రోగనిరోధక శక్తిని అణిచే టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసోలోన్ వాడుతున్నారు. రెండు నెలల కిందట రిజెక్షన్ (శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించడం) వస్తే మిథైల్‌ప్రెడ్నిసోలోన్ మూడు డోసులు ఇచ్చారు. అప్పటి నుంచి షుగర్ 300కి దిగువకు రాలేదు. 12 రోజులుగా జ్వరం, ఎడమ వైపు ఛాతీ నొప్పి, పొడి దగ్గు. మూడు రోజులుగా కఫంలో రక్తపు జీర.

బయట టీబీ అనుకుని రిఫాంపిసిన్ ఉన్న మందులు మొదలుపెట్టారు, 9 రోజులు అయింది. సీబీనాట్ (టీబీ జన్యు పరీక్ష) నెగటివ్. ఇక్కడికి వచ్చాక ఆస్పర్జిల్లస్ అనే ఇంకో ఫంగస్ అనుమానంతో దాని మందు వోరికొనజోల్ ఇచ్చాం, 4 రోజులైంది, జ్వరం తగ్గలేదు. సీటీలో ఎడమ పై లోబ్‌లో 5 సెం.మీ. మచ్చ, మధ్యలో పలచగా, చుట్టూ మందంగా ఉంది. కొద్దిగా ప్లూరల్ నీరు (ఊపిరితిత్తి చుట్టూ పొరలో). సీరం గెలాక్టోమానన్ (రక్తంలో ఆస్పర్జిల్లస్ జాడ వెతికే పరీక్ష) 0.2, అంటే నెగటివ్.

బ్రాంకోస్కోపీ చేసి తీసిన బాల్ (ఊపిరితిత్తి కడిగిన ద్రవం) శాంపిల్ కేఓహెచ్‌లో ‘ఫంగల్ ఎలిమెంట్స్ సీన్’ అని ఒక్క ముక్క రాశారు. కల్చర్ 5 రోజులైనా స్టెరైల్. నా సందేహాలు: కేఓహెచ్‌ను నమ్మాలా, కల్చర్‌నా? గెలాక్టోమానన్ నెగటివ్ కాబట్టి ఫంగస్ కాదనుకోవచ్చా? మ్యూకర్ మందు ఆంఫోటెరిసిన్ కిడ్నీని దెబ్బతీస్తుంది కదా, ఇస్తే మార్చిన కిడ్నీ ఏమవుతుంది?

మైక్రో_బెంచ్

కేఓహెచ్‌నే నమ్మండి. అయితే ‘ఫంగల్ ఎలిమెంట్స్ సీన్’ అనేది రిపోర్టు కాదు. ఇప్పుడే ల్యాబ్‌కు వెళ్లి ఆ స్లైడ్ మళ్లీ చూడమనండి, ఎండిపోయి ఉంటే మిగిలిన శాంపిల్‌తో కొత్తది వేయించండి. రెండు సంగతులు రాయించుకోండి: పోగు వెడల్పు ఎంత, లోపల అడ్డగోడలు ఉన్నాయా లేవా.

ఆస్పర్జిల్లస్ పోగులు 3 నుంచి 5 మైక్రాన్లు, సన్నగా, ఒకే వెడల్పుతో, వరుసగా అడ్డగోడలతో ఉంటాయి. మ్యూకర్ జాతివి 6 నుంచి 16 మైక్రాన్లు, ఒక్కోసారి ఇంకా వెడల్పు. ఒకే పోగు ఒకచోట ఉబ్బి ఇంకోచోట నొక్కుకుపోయి, రిబ్బన్‌లా మెలితిరిగి కనిపిస్తుంది. ఆ మెలిక పడిన చోటు చూసి చాలామంది అడ్డగోడ అని పొరబడతారు. ఫైన్ ఫోకస్ మెల్లగా పైకీ కిందకీ తిప్పండి. మడత అయితే గీత పక్కకు జరుగుతూ పోతుంది, నిజమైన అడ్డగోడ ఉన్నచోటే ఉంటుంది. కొమ్మ 90 డిగ్రీల్లో చీలిందా, 45లో చీలిందా అన్నది పుస్తకంలో చదివినంత గట్టి గుర్తు కాదు. కవర్‌స్లిప్ నొక్కితేనే కోణం మారిపోతుంది. వెడల్పునే పట్టుకోండి.

కల్చర్ ఎందుకు రాలేదంటే, ఆస్పర్జిల్లస్ పోగు గదులు గదులుగా ఉంటుంది. ఒక గది తెగినా పక్క గది బతికి మొలుస్తుంది. మ్యూకర్ పోగు దాదాపు అడ్డగోడలు లేని ఒకే గొట్టం. ఎక్కడ చిట్లినా లోపలి సరుకంతా కారిపోయి ఆ పోగు చచ్చిపోతుంది. స్లైడ్ మీద ఖాళీ గొట్టం కనిపిస్తుంది, ప్లేటు మీద ఏమీ రాదు. అన్నీ సరిగ్గా చేసినా దాదాపు సగం కేసుల్లో కల్చర్ రాదు. సరిగ్గా చేయకపోతే అసలు రాదు. మీ ల్యాబ్‌లో ఇవి కనుక్కోండి:

టీబీ కల్చర్ కోసం సోడియం హైడ్రాక్సైడ్‌తో శుద్ధి చేసిన డిపాజిట్‌నే (శాంపిల్ అడుగున మిగిలిన మడ్డి) ఫంగస్ ప్లేటు మీద కూడా వేశారా? ఆ క్షారం బ్యాక్టీరియాతో పాటు ఫంగస్‌నూ చంపుతుంది. ఒకే ట్యూబులో టీబీకీ ఫంగస్‌కీ కలిపి పంపితే జరిగేది ఇదే, మీ కేసులో నా మొదటి అనుమానం దీని మీదే.

సైక్లోహెక్సిమైడ్ కలిపిన సబురో (ఫంగస్ పెంచే అగార్) మీద వేశారా? అది చర్మం, గోళ్ల ఫంగస్‌ల కోసం. మ్యూకర్ దాని మీద పెరగదు. మామూలు సబురో, క్లోరాంఫెనికాల్ ఉంటే చాలు. ఒక ప్లేటు 30 డిగ్రీల దగ్గర, ఒకటి 37 దగ్గర.

శాంపిల్‌ను ఫ్రిజ్‌లో ఉంచారా, గట్టిగా వోర్టెక్స్ చేశారా (మిషన్ మీద కుదిపారా)? రెండూ తప్పే.

బతికి ఉంటే మ్యూకర్ 24 నుంచి 72 గంటల్లోనే బూజు దూదిలా మూత దాకా లేస్తుంది. 5 రోజులకూ లేదంటే ఆ ప్లేటు మీద ఇక రావడం కష్టం. కొత్త శాంపిల్ కావాలి, వీలైతే కణజాలం ముక్క. దాన్ని సెలైన్‌తో తడిపిన స్టెరైల్ గాజ్‌లో, గది ఉష్ణోగ్రతలో, రెండు గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చండి. ఫార్మలిన్‌లో వేసేది పాథాలజీకి వెళ్లే ముక్కను మాత్రమే. ల్యాబ్‌లో నూరకూడదు. బ్లేడుతో మిల్లీమీటరంత ముక్కలు కోసి, అగార్‌లోకి సగం దిగేలా గుచ్చితే చాలు.

సీటీ_రూమ్

మధ్యలో పలచగా, చుట్టూ మందంగా అంటే రివర్స్ హేలో గురించే చెబుతున్నట్టున్నారు. రోగనిరోధక శక్తి తగ్గిన మనిషిలో అది కనిపిస్తే మొదట తలవాల్సింది మ్యూకర్‌నే. ఫంగస్ రక్తనాళంలోకి చొచ్చుకుపోయి రక్తం గడ్డకట్టిస్తే, ఆ నాళం మీద బతికే ఊపిరితిత్తి భాగం చచ్చిపోతుంది. మధ్యలో పలచగా కనిపించేది ఆ చచ్చిన భాగం. చుట్టూ ఉన్న ఉంగరం రక్తస్రావం, వాపు.

మన దగ్గర టీబీ కూడా ఇదే బొమ్మ చూపించగలదు, అందుకే అంచు దగ్గరికి జూమ్ చేసి చూడండి. ఉంగరం మీద, లోపల చిన్న చిన్న గుళికలు అతికించినట్టు ఉంటే టీబీ వైపు మొగ్గు. ఉంగరం నున్నగా, సెంటీమీటరు కంటే మందంగా, లోపల వల అల్లినట్టు గీతలు, పక్కన ప్లూరల్ నీరు ఉంటే ఫంగస్ వైపు. మీరు రాసినదాంట్లో నీరు ఉంది కాబట్టి నా ఓటు ఫంగస్‌కే. ఊపిరితిత్తిలో 10కి మించి నాడ్యూల్స్ (గడ్డలు) ఉన్నా, వోరికొనజోల్ వాడుతుండగా మచ్చ పెరిగినా అదే వైపు.

రక్తపు జీర ఉంది కదా, క్రియాటినిన్ ఒప్పుకుంటే కాంట్రాస్ట్ సీటీ ఒకటి అడగండి. పల్మనరీ ధమని కొమ్మ మచ్చలోకి వెళ్లి టక్కున ఆగిపోయిందా, ఎక్కడైనా ఉబ్బిందా చూడాలి. ఉబ్బు ఉంటే బ్రాంకోస్కోపీలో ఆ వైపు బయాప్సీ ముట్టుకోవద్దు.

ఛాతీ_ఓపీ

నాది కొంచెం వేరే అభిప్రాయం. గెలాక్టోమానన్ నెగటివ్, కల్చర్ నెగటివ్. ఆంఫోటెరిసిన్ పడితే 7 నెలల కిడ్నీ పోవచ్చు. సీటీ గైడెడ్ బయాప్సీకి రెండు మూడు రోజులు పడుతుంది, అంతవరకు వోరికొనజోల్ కొనసాగించి, బయాప్సీ వచ్చాకే మార్చడం మేలు కాదా?

నెఫ్రో_వార్డు

ఛాతీ_ఓపీ గారూ, కిడ్నీ గురించిన భయం న్యాయమే. కానీ ఆ రెండు మూడు రోజులు రోగి దగ్గర లేవు. రక్త క్యాన్సర్ రోగుల్లో మ్యూకర్ మీద 2008లో వచ్చిన అధ్యయనం ఉంది. రోగం కనిపెట్టాక ఆంఫోటెరిసిన్‌ను 6 రోజులు, అంతకంటే ఆలస్యంగా మొదలుపెట్టినవారిలో 12 వారాల్లో మరణాలు సుమారు 83 శాతం, ముందే మొదలుపెట్టినవారిలో సుమారు 49 శాతం. కిడ్నీ పోతే డయాలిసిస్ ఉంది, మళ్లీ మార్పిడి ఉంది. బయాప్సీ తప్పకుండా చేయండి, మందు మాత్రం ఈ రాత్రే ఎక్కాలి.

గెలాక్టోమానన్ ఆస్పర్జిల్లస్ గోడలోని పదార్థం. మ్యూకర్ గోడలో అది లేదు కాబట్టి నెగటివ్ రావడమే సహజం. బీటా డి గ్లూకాన్ (ఫంగస్ కోసం చేసే ఇంకో రక్త పరీక్ష) కూడా మ్యూకర్‌లో పెరగదు. పైగా మార్పిడి రోగిలో సీరం గెలాక్టోమానన్ నెగటివ్ అయితే ఆస్పర్జిల్లస్ కూడా లేదని చెప్పలేం. దానికి బాల్ శాంపిల్‌లో చేయించాలి. రెండు ఫంగస్‌లూ కలిసి ఉన్న కేసులూ ఉంటాయి. వోరికొనజోల్‌కు మ్యూకర్ మీద పనే లేదు.

అందరూ ఫంగస్ గురించే మాట్లాడుతున్నారు, నాకు ఇంకా భయంగా ఉన్నది రిఫాంపిసిన్. అది కాలేయంలో ఎంజైమ్‌లను రెచ్చగొట్టి వోరికొనజోల్‌ను దాదాపు పూర్తిగా ఖర్చు చేసేస్తుంది, ఆ రెండూ కలిపి ఇవ్వనేకూడదు. అంటే ఈ రోగికి ఈ 4 రోజులూ ఆస్పర్జిల్లస్‌కు కూడా మందు పడనట్టే. టాక్రోలిమస్‌ను కూడా అలాగే ఖర్చు చేస్తుంది. 9 రోజుల రిఫాంపిసిన్ తర్వాత లెవెల్ నేలకు దిగి ఉంటుంది. ఈ రోజు ఉదయం డోసుకు ముందు లెవెల్ పంపారా?

రిఫాంపిసిన్ ఆపినా దాని ప్రభావం తగ్గడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఈలోపు టాక్రోలిమస్ డోసు పెంచి ఉంటే, ప్రభావం తగ్గే కొద్దీ లెవెల్ దానంతట అదే పైకి ఎగబాకుతుంది. పైన ఆంఫోటెరిసిన్ కూడా ఉంటే కిడ్నీ మీద రెండు దెబ్బలు ఒకేసారి. అందుకని మొదటి వారం రోజూ, ఆ తర్వాత రోజు విడిచి రోజు లెవెల్ చూడండి.

టీబీ నిజంగా ఉందని తేలితే ఆంఫోటెరిసిన్‌తో రిఫాంపిసిన్‌కు గొడవ లేదు. గొడవంతా అజోల్ మందులతోనే (వోరికొనజోల్ లాంటివి). మాత్రల్లోకి మారే వేళకు టీబీ రెజిమెన్ ఏమిటో ముందే తేల్చుకోవాలి.

రోగనిరోధక మందుల్లో మొదట మైకోఫినోలేట్ ఆపుతాం. ప్రెడ్నిసోలోన్‌ను తక్కువ డోసుకు తెస్తాం, ఒక్కసారిగా ఆపితే అడ్రినల్ హార్మోన్ చాలక రోగి కుప్పకూలవచ్చు. టాక్రోలిమస్ ఎంత తగ్గించాలన్నది మార్పిడి చేసిన టీమ్ చెప్పాలి, వార్డులో మనంతట మనం నిర్ణయించకూడదు.

షుగర్‌కు ఇన్సులిన్ డ్రిప్ పెట్టండి, కీటోన్లు చూడండి. రక్తం ఆమ్లంగా మారితే ప్రొటీన్లకు అంటుకుని ఉన్న ఐరన్ విడిపోతుంది, మ్యూకర్‌కు కావాల్సింది అదే. ఐరన్ ఇంజెక్షన్లు రాసి ఉంటే ఇప్పటికి ఆపండి.

మందుల_లెక్క

ఫార్మసీ వైపు నుంచి. ఆర్డర్ షీటు మీద ‘లైపోసోమల్’ అన్న మాట పూర్తిగా రాయండి. ‘ఆంఫో బి’ అని రాసి వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది. మామూలు ఆంఫోటెరిసిన్, అంటే డీఆక్సీకోలేట్ రకం కూడా 50 మి.గ్రా. వయల్‌లోనే వస్తుంది, రెండూ పసుపు పొడే. లైపోసోమల్ డోసు కిలోకు 5 మి.గ్రా. మామూలు రకానికి కిలోకు 1 మి.గ్రా. చాలు, 1.5 దాటకూడదు. లైపోసోమల్ డోసు లెక్కన మామూలు రకం ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. వయల్ మీది పేరు ఇద్దరు నర్సులు పైకి చదివాకే కలపాలి. లిపిడ్ కాంప్లెక్స్, ఎమల్షన్ అని ఇంకా రకాలున్నాయి, వాటిని కలిపే పద్ధతులు వేరు.

ఈ రోగికి 56 కిలోలు × 5 = 280 మి.గ్రా., అంటే 6 వయల్స్. ఒక్కో వయల్‌లో 12 మి.లీ. స్టెరైల్ వాటర్ ఫర్ ఇంజెక్షన్ పోసి వెంటనే 30 సెకన్లు గట్టిగా ఊపండి. మెల్లగా తిప్పితే గడ్డలు మిగులుతాయి. ఇప్పుడు 1 మి.లీ.లో 4 మి.గ్రా. ఉంటుంది, కాబట్టి కావాల్సింది 70 మి.లీ. 250 మి.లీ. డెక్స్‌ట్రోస్ 5 శాతం బ్యాగు నుంచి 70 మి.లీ. తీసేసి, వయల్‌తో వచ్చిన 5 మైక్రాన్ ఫిల్టర్ ద్వారా ఈ 70 మి.లీ. ఎక్కించండి. మి.లీ.కు సుమారు 1.1 మి.గ్రా. వస్తుంది. 1 నుంచి 2 మధ్య ఉంటే సరి.

సెలైన్ ఎక్కడా తగలకూడదు. తగిలితే మందు విరిగి పేరుకుంటుంది. డయాబెటిస్ రోగి అని డెక్స్‌ట్రోస్ బదులు సెలైన్‌లో కలిపే వాళ్లున్నారు, ఆ పని అస్సలు చేయొద్దు. ఆ డెక్స్‌ట్రోస్‌లో ఉన్నది పన్నెండు గ్రాములలోపు చక్కెర, ఇన్సులిన్ చూసుకుంటుంది. కిడ్నీ కాపాడటానికి ముందు అర లీటరు సెలైన్ వేరుగా ఇవ్వండి, రోగికి నీరు పట్టే పరిస్థితి ఉందో లేదో చూసుకుని. అది అయ్యాక లైన్‌ను డెక్స్‌ట్రోస్‌తో కడిగి అప్పుడు మందు తగిలించండి. రెండు గంటల్లో ఎక్కాలి.

మొదటి 5 నిమిషాలు పక్కనే నిలబడండి. ఛాతీ బిగుతు, నడుము నొప్పి, ముఖం ఎర్రబడటం ఈ రకానికి ఉండే రియాక్షన్. ఆపి, యాంటీహిస్టమిన్ ఇచ్చి, తగ్గాక మెల్లగా మళ్లీ మొదలుపెట్టవచ్చు.

రోజూ క్రియాటినిన్, పొటాషియం, మెగ్నీషియం. ఇన్సులిన్ డ్రిప్ కూడా పొటాషియాన్ని లాగేస్తుంది కాబట్టి ఇక్కడ రెండింతల జాగ్రత్త. పొటాషియం ఎంత ఇచ్చినా పెరగకపోతే మెగ్నీషియం చూడండి, అది సరిచేయకుండా ఇది నిలబడదు.

పల్మో_రెసిడెంట్

అందరికీ ధన్యవాదాలు. స్లైడ్ మళ్లీ వేయించాం: 10 నుంచి 14 మైక్రాన్లు, అడ్డగోడలు దాదాపు లేవు. మైక్రో_బెంచ్ గారు అన్నట్టే టీబీ డిపాజిట్ నుంచే ఫంగస్ ప్లేటు వేశారట. లైపోసోమల్ 280 మి.గ్రా. ఎక్కుతోంది. రిఫాంపిసిన్, వోరికొనజోల్ ఆపాం. టాక్రోలిమస్ లెవెల్ 2.1 వచ్చింది, మార్పిడి టీమ్‌కు చెప్పాం. సర్జన్‌ను ఎప్పుడు పిలవాలి? మందులు పనిచేస్తాయో లేదో చూశాకా? రోగి బంధువులు ‘ముక్కు, కన్ను బాగానే ఉన్నాయి కదా, బ్లాక్ ఫంగస్ ఎలా అవుతుంది’ అంటున్నారు.

థొరాసిక్_కాల్

ఈ రోజే పిలవండి. మచ్చ ఒకే లోబ్‌లో ఉంది, రెండో వైపు శుభ్రంగా ఉంది, కాబట్టి లోబెక్టమీకి (ఆ లోబ్ మొత్తం కోసి తీయడానికి) అవకాశం ఉన్న కేసు ఇది. చచ్చిన కణజాలంలోకి రక్తం పోదు, రక్తం పోని చోటికి మందూ పోదు. కోసి తీయగలిగిన వాళ్లకు మందుతో పాటు సర్జరీ తోడైతే ఫలితం మెరుగు. మచ్చ హైలమ్ (పెద్ద రక్తనాళాలు ఊపిరితిత్తిలోకి వెళ్లే చోటు) వైపు, పెద్ద ధమని వైపు జరుగుతుంటే ఇంకా ఆగకూడదు.

రక్తపు జీర కాస్తా కప్పు రక్తం అయితే ఎడమ వైపు కిందకు ఉండేలా పడుకోబెట్టండి, మంచి ఊపిరితిత్తి మునిగిపోకుండా. ఎంబలైజేషన్ (రక్తం కారే నాళాన్ని లోపలి నుంచి మూసేయడం) చేసే చోటు ఏది, ఎంతసేపట్లో చేరగలం అన్నది ఇప్పుడే తెలుసుకుని పెట్టుకోండి. రక్తం గ్రూపు చేసి రెండు యూనిట్లు రిజర్వు చేయించండి.

నెఫ్రో_వార్డు

బంధువుల ప్రశ్న సబబైనదే. 2021 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం ఈ జబ్బును నోటిఫై చేసి, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని నోడల్ కేంద్రం చేసినప్పటి నుంచి బ్లాక్ ఫంగస్ అంటే ముక్కు, కన్ను, దవడ అనే అందరి మనసులో పడిపోయింది. ఫంగస్ నల్లగా ఉండదనీ, నల్లబడేది రక్తం ఆగి చచ్చిన కండ అనీ, దీని విత్తనాలు గాలిలో, మట్టిలో, కుళ్లిన ఆకుల్లో ఉంటాయనీ, ముక్కులో ఆగితే ముక్కు జబ్బు, లోపలికి పీల్చితే ఊపిరితిత్తి జబ్బు అనీ చెప్పండి. ఇంట్లో వాళ్లకు అంటదని కూడా తప్పక చెప్పండి, ఆ భయంతో రోగి దగ్గర కూర్చోవడానికే జంకుతారు. అయినా సైనస్ సీటీ ఒకటి, ఈఎన్‌టీ చూపు ఒకటి చేయించండి, రెండు చోట్లా ఉండొచ్చు.

మందుల_లెక్క

మాత్రల్లోకి మారేటప్పుడు ఒక మాట. పోసాకొనజోల్ (ఇదీ అజోల్ మందే) డిలేడ్ రిలీజ్ మాత్రలు: మొదటి రోజు 300 మి.గ్రా. రెండుసార్లు, ఆ తర్వాత రోజుకు ఒకసారి 300. సిరప్ రకానికి డోసు వేరు, కొవ్వున్న భోజనంతో తప్ప ఒంటికి పట్టదు. షాపువాడు మాత్రలు లేవని సిరప్ ఇస్తే అదే లెక్కన తాగించవద్దు. వారం రోజులకు లెవెల్ పంపి మి.లీ.కు 1 మైక్రోగ్రాము పైన ఉందో లేదో చూడండి. రిఫాంపిసిన్ ప్రభావం ఇంకా మిగిలి ఉంటే అందదు.

పోసాకొనజోల్ టాక్రోలిమస్ లెవెల్‌ను పెంచుతుంది, అందుకని అది మొదలైన రోజే టాక్రోలిమస్ డోసును మూడో వంతుకు తగ్గించాలి. ఇంకో అజోల్ ఐసావుకొనజోల్ అయితే ముందే అంత తగ్గించక్కర్లేదు గానీ లెవెల్ పెరుగుతుంది, చూస్తూ ఉండాలి. ఈసీజీలో క్యూటీ (గుండె ప్రతి కొట్టుకోవడంలో కొలిచే ఒక వ్యవధి) ముందే పొడవుగా ఉన్న రోగికి ఐసావుకొనజోల్ నయం, అది క్యూటీని తగ్గిస్తుంది. అజోల్ ఆపిన రోజు టాక్రోలిమస్‌ను తిరిగి పెంచడం మరిచిపోతే రిజెక్షన్ వస్తుంది. డిశ్చార్జ్ కాగితంలో ఈ ఒక్క వాక్యం తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయండి: ‘ఫంగస్ మాత్ర ఆపినా, మార్చినా ఆ రోజే కిడ్నీ డాక్టరుకు ఫోన్ చేయాలి.’

మైక్రో_బెంచ్

లోబ్ తీస్తే మూడు ముక్కలు వేరు చేయమని థియేటర్‌కు ముందే చెప్పండి. ఒకటి ఫార్మలిన్‌లో పాథాలజీకి. అక్కడ ఎర్రకణాన్ని కొలబద్దగా వాడుకోవచ్చు, అది 7 మైక్రాన్లు. పోగు దానికి సమానంగానో రెండింతలుగానో ఉంటే మ్యూకర్, సగం ఉంటే ఆస్పర్జిల్లస్ లాంటివి. కేఓహెచ్‌లో ఎర్రకణాలు కరిగిపోతాయి కాబట్టి ఈ కొలత అక్కడ కుదరదు. రెండోది సెలైన్ గాజ్‌లో నాకు, నూరకుండా, టీబీ ట్యూబులో కలపకుండా. మూడోది ఫార్మలిన్ తగలనిది, పీసీఆర్ కోసం మైనస్ 20లో. జాతి ఏదో ఇక్కడ తేలకపోతే చండీగఢ్ పీజీఐఎంఈఆర్‌లో ఫంగస్‌ల రిఫరెన్స్ ల్యాబ్ ఉంది. కల్చర్ పెరిగి విత్తనాలు వేయకుండా ఉత్త దూదిలా ఉండిపోయినా అక్కడికే పంపండి. మన దేశంలో కనిపించే అపోఫైసోమైసెస్ అనే మ్యూకర్ రకం సబురో మీద అలాగే మొండికేస్తుంది, దానికి నీళ్ల అగార్ కావాలి.